బేస్‌మెంట్ దగ్గర ఆగిన గది

ప్రశ్న: వందనాలమ్మా. మాది మార్కాపురం దగ్గర ఒక ఊరు. నేను డిగ్రీ చదివాను. మావారు పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. మూడేళ్ల కిందట ఉపవాస ప్రార్థనలో ఉండగా మా పేట పిల్లలకు చదువు చెప్పాలన్న భారం కలిగింది. చర్చి వరండాలో ఐదుగురితో సాయంత్రం బడి మొదలుపెట్టాను. ఫీజు తీసుకోను. ఒక దశలో పదహారు మంది వరకు వచ్చారు. వానొస్తే వరండా తడిసిపోతుందని, చర్చి స్థలంలోనే ఒక గది కడదామని సంఘమంతా అనుకున్నాం. పునాది తీశాం, బేస్‌మెంట్ లేచింది, డబ్బు అయిపోయింది. ఏడాదిన్నరగా అలాగే ఉంది. చువ్వలు తుప్పు పడుతున్నాయి. ఇప్పుడు పిల్లలు కూడా తొమ్మిది మందే. బాగా చదివే ఆరో తరగతి అమ్మాయి ఒకతె తల్లిదండ్రులతో మిర్చి కోతలకు వెళ్లిపోయింది. “దేవుడు మొదలుపెట్టిన పనైతే ఇలా ఆగుతుందా?” అని మా ఆడపడుచు అంటోంది. ఈ మధ్య ఉజ్జీవ కూటాలకు వచ్చిన ఒక బోధకుడు, “నీ దగ్గర ఉన్నది విత్తు, మిగతాది దేవుడు ముగిస్తాడు” అని అందరిలో నన్ను చూపించి చెప్పారు. నా నాలుగు సవర్ల గొలుసు తాకట్టు పెడితే లక్షన్నర ఇస్తారట. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆ డబ్బుతో గోడలు లేస్తాయి. మావారు ఒప్పుకోవడం లేదు. నాది విశ్వాసమా, మొండితనమా? గొలుసు పెట్టమంటారా, బడి మానేయమంటారా?

జవాబు:

అమ్మా, గొలుసు తాకట్టు పెట్టకండి. బడి మానేయకండి. ముందుగా ఈ రెండు మాటలూ చెప్పేస్తున్నాను. మీ ఉత్తరం వరస చూస్తే, నా జవాబు మీకు చేరేలోపే మార్కాపురం బజారుకు వెళ్లి వచ్చేసేలా ఉన్నారు.

లక్షన్నరకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు మూడు వేలు, ఏడాదికి 36,000. అసలు అలాగే ఉంటుంది. మీ బడికి రాబడి లేదు కాబట్టి ఆ మూడు వేలూ మీవారి జీతంలోంచే రావాలి. అంటే విశ్వాసం మీది, వడ్డీ ఆయనది. పలకల రాతి దుమ్ములో పనిచేసి వచ్చే మనిషి ఈ లెక్క చూసి వద్దంటే అది అవిశ్వాసం అయిపోదు. యేసు ప్రభువే గోపురం కట్టాలనుకున్నవాడి సంగతి చెప్పారు కదా, లూకా సువార్త 14వ అధ్యాయంలో. ముందు కూర్చుని, ముగించడానికి కావలసింది తన దగ్గర ఉందో లేదో లెక్క చూసుకోడా అని అడిగారు. చూసుకోకపోతే పునాది వేసి ఆగిపోయినవాణ్ణి జనం ఎగతాళి చేస్తారనీ అన్నారు. మీ ఆడపడుచు మాటలకు, ఆ ఎగతాళికీ పెద్ద తేడా లేదు. ఆ ఉపమానం చెప్పినాయన లెక్కలు చూసుకోవడాన్ని తప్పుపట్టలేదని గమనించండి.

ఆ బోధకుడి మీద నాకు కొంచెం కోపంగానే ఉంది. సదుద్దేశంతోనే అని ఉండవచ్చు. కానీ వందమంది మధ్య ఒక ఇల్లాలిని వేలెత్తి చూపి, ఆమె మెడలోని గొలుసు దాకా వెళ్లే మాట అనేవారు, తర్వాత ఆమె ఇంటికి వచ్చి భర్త ఎదుట కూడా ఆ మాట చెప్పగలగాలి. ఆయన ఈపాటికి మరో ఊరి కూటాల్లో ఉంటారు. వడ్డీ వ్యాపారి మాత్రం మీ ఊళ్లోనే ఉంటాడు.

సరే, ఆడపడుచు అడిగిన ప్రశ్నకు వద్దాం. ఆవిడ ఎత్తిపొడుపుగా అన్నా ప్రశ్న మంచిదే. దేవుడు మొదలుపెట్టిన పని ఆగుతుందా? ఆగుతుందమ్మా. బైబిల్లోనే ఆగింది, అదీ ఒకటీ రెండేళ్లు కాదు.

బబులోనుకు బందీలుగా వెళ్లి, ఆ చెర నుంచి తిరిగి వచ్చిన యూదులు జెరుబ్బాబెలు నాయకత్వంలో యెరూషలేములో మందిరానికి పునాది వేశారు. క్రీస్తుకు పూర్వం సుమారు 536 నాటి మాట. ఆ రోజు కుర్రవాళ్లు సంతోషంతో కేకలు వేస్తే, సొలొమోను కట్టించిన పాత మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు బిగ్గరగా ఏడ్చారు. ఏది కేకో, ఏది ఏడుపో తెలియలేదని ఎజ్రా గ్రంథం రాస్తుంది. తర్వాత చుట్టుపక్కలవాళ్లు అడ్డుపడ్డారు, రాజుగారికి ఫిర్యాదులు వెళ్లాయి, పని ఆగింది. దాదాపు పదిహేనేళ్లు ఆగింది. ఈలోపు జనం తమ ఇళ్లకు మాత్రం చక్కగా పలకలు తాపడం చేయించుకున్నారు. హగ్గయి ప్రవక్త మందలించింది దాన్నే. 520లో మళ్లీ మొదలై 515 ప్రాంతంలో పూర్తయింది. మీ ఏడాదిన్నర బాధ చిన్నదని నేననడం లేదు. ఆగిపోయింది కాబట్టి దేవుడిది కాదని మాత్రం దాన్ని బట్టి తేల్చడానికి వీల్లేదు.

ఆ రెండోసారి మొదలుపెట్టిన రోజుల్లోనే జెకర్యా ప్రవక్త నోట ఆ మాట వచ్చింది, కార్యములు అల్పములై యున్న కాలమును తృణీకరించిన వాడెవడు అని. మన ప్రసంగాల్లో దీన్ని ఎక్కడ ఆపుతారో మీకు తెలుసు: ఇప్పుడు చిన్నది, రేపు పెద్దదవుతుంది, ఆమెన్. కానీ ఆ వచనం అక్కడితో ఆగదు. జెరుబ్బాబెలు చేతిలో గుండు నూలు ఉండడం చూసి దేవుని కన్నులు సంతోషిస్తాయని ఉంది. గుండు నూలంటే మన తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకోవడానికి దారానికి కట్టి వేలాడదీసేదే. మందిరం ఇంకా లేవలేదు, కప్పు లేదు, తలుపులు లేవు. ఆ సంతోషం పూర్తయిన భవనాన్ని చూసి కలిగింది కాదు. ఒక మనిషి చేతిలో పనిముట్టు ఉండడం చూసి, అతను గోడ నిటారుగా ఉందో లేదో జాగ్రత్తగా చూసుకోవడం చూసి. ఆ గుండు నూలు నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. ఆవగింజ ఉపమానం జోలికి నేను వెళ్లడం లేదు. అది మీరు ఇప్పటికే వందసార్లు విని ఉంటారు.

ఇక్కడ మీరు ఒకటి చూసుకోవాలి. జెరుబ్బాబెలుకు అప్పగించిన పనే మందిరం కట్టడం. మీకు ఉపవాస ప్రార్థనలో కలిగిన భారం ఏమిటి? మీరే రాశారు, పిల్లలకు చదువు చెప్పడం అని. గది అప్పుడు లేదు. అది తర్వాత వాన వల్ల వచ్చిన ఆలోచన. ఆగింది గది. బడి ఆగలేదు, ఈ సాయంత్రం కూడా జరుగుతుంది. మీ ఉత్తరంలో గది గురించి ఇంత రాశారు, ఆ తొమ్మిది మంది ఏం చదువుతున్నారో ఒక్క మాటా రాయలేదు. ఎవరికి గుణకారం వచ్చింది, ఎవరికి ఇంకా ఒత్తులు తడబడుతున్నాయి, ఎవరు అక్షరాలు గుర్తుపట్టలేని స్థితి నుంచి పేరా చదివే దాకా వచ్చారు? ఆ వివరాలు ఒక నోటుబుక్కులో పిల్లకొక పేజీ చొప్పున రాయండి. మీ పని ముందుకు వెళ్తోందో లేదో అక్కడ తెలుస్తుంది. ఇటుకల వరసలు అది చెప్పలేవు.

మీది ప్రకాశం వైపు కాబట్టి, అమెరికన్ మిషనరీలు నడిపిన ఒంగోలు మిషను కథ మీకు కొత్త కాదు. జూబిలీ జరిగిన ప్రతిసారీ 2,222 అనే సంఖ్య మైకులో మారుమోగుతుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే అంతమందికి బాప్తిస్మం ఇచ్చారు. మీ వైపు కంభం చెరువును నింపే గుండ్లకమ్మే అది. ఆ సంఖ్య చెప్పేవాళ్లు దాటేసే సంగతులు కొన్ని ఉన్నాయి. మీకు పనికొచ్చేవి అవే.

అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే ఇండియాకు వచ్చింది 1836లో. నెల్లూరులో స్థిరపడింది 1840లో. ఏళ్ల తరబడి పనిచేసినా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే విశ్వాసులు. ఈ మిషను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో అయితే దాదాపు మూసేసినంత పని చేశారు. పటం మీద ఒంటరిగా ఉన్న ఆ ఒక్క కేంద్రాన్నే ఒంటరి నక్షత్రం అని పిలవడం ఆ సభ నుంచే మొదలైంది. మరుసటి ఏడాది జనవరి 1న ఆ మిషనులో పనిచేస్తున్న జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలులో కొండెక్కి ప్రార్థించారు. ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నది దాన్నే. ఆ ప్రార్థన తర్వాత ఒంగోలుకు క్లౌ అనే మిషనరీ వచ్చి స్థిరపడడానికి పన్నెండేళ్లు పట్టింది. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. మీ పిల్లల కన్నా ఒకరు తక్కువ.

మొదలుపెట్టిన శామ్యూల్ డే 1871లోనే అమెరికాలో చనిపోయారు. గుండ్లకమ్మ ఒడ్డున ఆ రోజు జరిగింది ఆయన చూడలేదు. దేవుడు ముగిస్తాడు అన్నప్పుడు మన కళ్ల ముందే ముగిస్తాడనే అర్థం మనం కలుపుకుంటాం. అది మనం కలిపిందే.

రెండో సంగతి. 1876లో ధాత కరువు అని చెప్పుకునే పెద్ద కరువు వచ్చింది. క్లౌ మిషనరీ కాకముందు సర్వే పని నేర్చినవారు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, కూడు దొరికేలా చేశారు. ఆ జనంలో చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమో అన్న అనుమానానికి చోటివ్వకూడదని, కరువు పనులు నడిచినంత కాలం, అంటే ఏడాదికి పైగా, బాప్తిస్మాలే ఆపేశారు. మిషనుకు అమెరికాలో ఉన్న ఇబ్బందులకు అప్పుడు పెద్ద అంకె పంపితే ఎంత పేరు వచ్చేదో ఆలోచించండి. పెద్దది కావడానికి దొరికిన అవకాశాన్ని, అది నిటారుగా లేదనిపించి, వదిలేసుకున్న మనిషి ఆయన. కరువు పనులు అయిపోయాక కూడా జనం అడగడం మానలేదు. అప్పుడు వచ్చింది ఆ 2,222.

మూడోది నాకు చాలా ఇష్టమైనది. ఒంగోలులో పని మొదట ఊపందుకున్నది ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వ్యక్తి ద్వారా. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవారు, తిరిగిన చోటల్లా చెప్పేవారు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పట్టణంలోని పెద్ద కులాలవాళ్లు అన్నారు. ఎటు మొగ్గాలో తెలియక ఉన్నప్పుడు క్లౌ, ఆయన భార్య ఒకరికొకరు చెప్పుకోకుండానే బైబిల్లో ఒకే చోట తెరిచారనీ, లోకం తృణీకరించిన వారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న కొరింథీయులకు పౌలు రాసిన లేఖలోని భాగం అదనీ క్లౌ తర్వాత రాసుకున్నారు. మీ వరండాకు వచ్చేవాళ్లు ఎవరు? ఫీజు కట్టలేనివాళ్లు, కోతలకు తల్లిదండ్రుల వెంట పోయేవాళ్లు. పట్టణంలో కోచింగ్ సెంటర్లకు ఈ పిల్లలు అక్కర్లేదు. సంఖ్య తగ్గిందని బాధపడే ముందు ఈ మాట ఒకసారి తలచుకోండి.

గదిని అలా గాలికి వదిలేయమని మాత్రం నేను చెప్పను. ఎజ్రా గ్రంథానికే మళ్లీ వెళ్దాం, ఐదు, ఆరు అధ్యాయాలకు. మందిరం పని రెండోసారి మొదలుకాగానే యూఫ్రటీసు నదికి ఇవతలి ప్రాంతాన్ని ఏలే అధికారి వచ్చి, మీకు అనుమతి ఇచ్చింది ఎవరు, పెద్దల పేర్లు చెప్పండి అని నిలదీశాడు. వీళ్లు దాచకుండా చెప్పారు, పారసీక రాజు కోరెషు ఆజ్ఞ ఉంది, వెతికించుకోండి అని. వెతికితే ఎగ్బతానా పట్టణంలో ఆ గ్రంథపుచుట్ట దొరికింది. ఆ ఒక్క కాగితంతో దర్యావేషు రాజు పని సాగనివ్వమనడమే కాకుండా, ఆ ప్రాంతం నుంచి వచ్చే పన్నుల సొమ్ములోంచే ఖర్చు ఇప్పించాడు. ప్రవక్తలు ప్రోత్సహించారు, నిజమే. రికార్డు సరిగ్గా ఉండడం కూడా ఆ పనిని కాపాడింది.

మీ గదికి రికార్డు ఏముంది? స్థలం సంఘం పేరున ఉందా, లేక ఎవరో పెద్దాయన నోటిమాటగా ఇచ్చారా? గదిని పిల్లల బడికే వాడాలని కమిటీ తీర్మానం రాశారా? లేకపోతే మీ గొలుసుతో లేచిన గోడల మధ్య రేపు స్టోర్ రూమ్ పెట్టుకున్నా మీరు అడగలేరు. పాస్టర్ గారిని, కమిటీ పెద్దలను కూర్చోబెట్టి ముందు ఆ తీర్మానం రాయించి సంతకాలు పెట్టించండి. ఇప్పటిదాకా ఎవరు ఎంత ఇచ్చారు, సిమెంటుకు, ఇసుకకు, ఇనుముకు, కూలికి ఎంతెంత అయింది అన్నది ఒక కాగితం మీద రాసి చర్చి గోడకు అంటించండి. లెక్క కనిపించని చోట రెండోసారి చేయి విదిలించడానికి ఎవరికైనా మనసు రాదు. మీ సంఘం ఆగిపోవడానికి సగం కారణం అదేనని నా అనుమానం. వేరే సొసైటీగా రిజిస్టర్ చేయించమని ఎవరైనా చెబుతారు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో చేయించుకోవచ్చు. కానీ తొమ్మిది మంది పిల్లలకు ఇప్పుడే ఆ తతంగం అనవసరం. బయటివాళ్ల నుంచి విరాళాలు తీసుకునే రోజు వస్తే అప్పుడు చూసుకోండి.

బయటికి ఉన్న చువ్వలకు తుప్పు గీకించి సిమెంటు పాలు పూయించండి, తర్వాత పనికొస్తాయి. గోడల దాకా ఎందుకు? బేస్‌మెంట్‌లో మట్టి నింపి, గచ్చు వేసి, ఇనుప పైపుల మీద రేకులు దింపితే వానకు తడవకుండా కూర్చోవచ్చు. మేస్త్రీని అడిగి దానికి ఎంతవుతుందో కనుక్కోండి. లక్షన్నర కన్నా చాలా తక్కువే చెబుతాడు. ఆ మాత్రం సంఘం నెలనెలా వేసుకుంటే తీరుతుంది. గది అంటే నాలుగు గోడలు, స్లాబు, ప్రారంభోత్సవానికి రిబ్బను అనే బొమ్మ మనందరి బుర్రల్లో పడిపోయింది. (శిలాఫలకం మీద పేర్ల దగ్గర జరిగే గొడవ సంగతి ఇంకెప్పుడైనా రాస్తాను.)

అయినా గది ఎప్పటికీ పూర్తి కాకపోతే? మీరు అడగలేదు కానీ ఆ భయం ఉత్తరమంతా ఉంది. దావీదు మందిరం కట్టాలనుకున్నాడు. కోరిక మంచిదేనని దేవుడే ఒప్పుకున్నాడు. కానీ నువ్వు కట్టవు, నీ కొడుకు కడతాడు అన్నాడు. దావీదు అలిగి కూర్చోలేదు. బంగారం, వెండి, ఇనుము, దేవదారు మ్రానులు సమకూర్చి, నమూనా గీయించి కొడుకు చేతిలో పెట్టాడు. మంచి కోరికలన్నీ మన చేతుల మీదుగా తీరతాయన్న హామీ ఎక్కడా లేదు. ఫిలిప్పీయులకు పౌలు రాసిన మాటను, మొదలుపెట్టినవాడు కొనసాగిస్తాడన్న మాటను, మనం ఇళ్ల శంకుస్థాపనలకు, కాలేజీ సీట్లకు కూడా వాడేస్తున్నాం. పౌలు అది రాసింది చెరసాల నుంచి, మనుషుల లోపల జరుగుతున్న పని గురించి. ఆ లెక్కన చూస్తే మీరు నమ్మకం పెట్టుకోవలసింది ఆ తొమ్మిది మంది మీద దేవుడు చేస్తున్న పనిపైన, మీ మీద చేస్తున్న పనిపైన. మొండితనమా, విశ్వాసమా అని అడిగారు. మూడేళ్లు జీతం లేకుండా, వానలో కూడా వరండాలో కూర్చున్నది విశ్వాసమే. గొలుసు ఆలోచనలో మాత్రం ఆడపడుచుకు సమాధానం చెప్పాలన్న పట్టుదల కొంత కలిసిందనిపిస్తోంది. మీవారితో ఒకసారి కూర్చుని, గొలుసు మాట ఎత్తకుండా, మీరు రాసిన నోటుబుక్కు చూపించండి. ఆయన మీ పనికి అడ్డు చెప్పారని ఉత్తరంలో ఎక్కడా లేదు, అప్పుకే అడ్డు చెప్పారు.

ఇక ఆ ఆరో తరగతి అమ్మాయి. నా మటుకు నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా అత్యవసరమైన సంగతి ఇదే. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి గది వైపు వెళ్లిపోయారు. గుంటూరు వైపు కోతలకు వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి. ఒకసారి అలా తప్పిన ఆడపిల్ల మళ్లీ బడికి రావడానికి సిగ్గుపడుతుంది, ఇంట్లోవాళ్లు కూడా ఇంకెందుకులే అంటారు. ఆ తర్వాత వచ్చేది పెళ్లి మాటే. వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు ఉంది. మీ మండలంలో ఉందో లేదో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో ఈ వారమే అడగండి. లేకపోతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో అడగండి, ఆరో తరగతి నుంచి చేర్చుకుంటారు, చదువు ఆపేసిన ఆడపిల్లలకు అక్కడ ప్రాధాన్యం ఉంటుంది, ఉండడం, తినడం అక్కడే. ఆ తల్లిదండ్రులకు ఫోను ఉంటే ఇవాళే చేయండి. ఏ ఊళ్లో ఉన్నారో, ఎప్పుడు వస్తారో కనుక్కోండి. పిల్లను ఫోనులోకి పిలిచి, బడి గురించి అడగకుండా ముందు ఎలా ఉందో అడగండి. తను వచ్చే రోజుకు దరఖాస్తు కాగితాలు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. ఆధార్ నకలు, స్కూలు నుంచి స్టడీ సర్టిఫికెట్ కావాలంటారు. అవి ఇప్పుడే తెచ్చి పెట్టుకుంటే జూన్‌లో పరిగెత్తనక్కర్లేదు.